పత్తి కుప్పలో చెయ్యి పెట్టిన సుగుణ మేడం

ఇందులో ప్రతి మాటా నిజమని నా రెండు కళ్ల మీద ఒట్టేసి చెబుతున్నాను. మొన్న హుజూరాబాద్‌లో వానకు తడిసిన పత్తి లారీ పక్కనుంచి పోతుంటే ముక్కిన వాసన గుప్పున తగిలింది. వెంటనే సుగుణ మేడం గుర్తుకొచ్చారు. మంచిర్యాల స్టేషన్ వెనుక రెండు గదుల్లో ఆమె పత్తి గింజలు తీసే జిన్నింగ్ మిల్లులకు మిషన్లు నడిపే కంట్రోలర్లు తయారు చేసేవారు. వాటికి సీ భాషలో ప్రోగ్రాములు రాయడం నా మొదటి ఉద్యోగం.

భైంసా మిల్లుకు నేను రాసిన ప్రోగ్రాం ఒక సెట్టింగుల ఫైలు చదివేది. గోదాములో పత్తికి గాలి కొట్టే ఫ్యాను వరుసలో 'యెస్' అని ఉంటే ఫ్యాను తిప్పాలి, మరేదున్నా ఆపాలి. ఇంత తేలిగ్గా ముగించానని చంకలు గుద్దుకున్నాను.

ఒక పొద్దున మిల్లు సేటు ఫోన్ చేశాడు. ఫ్యాను తిరగడం లేదట, కుప్ప లోపల కాగిపోతోందట. మేడమూ నేనూ దొరికిన బస్సెక్కాం. మేం వెళ్లేసరికి కుప్ప మీద కోడి పెట్టిన గుడ్డు ఉడికిపోయి ఉంది. పెంకు తీసి, ఉప్పద్దుకుని నేనే తిన్నాను. మేడం మోచేతి దాకా కుప్పలో చెయ్యి పెట్టి చటుక్కున తీశారు. "ముందుగాల కుప్ప విప్పుండ్రి, ఫ్యానుకు డైరెక్టుగ కరెంటియ్యుండ్రి" అన్నారు.

అప్పటికే సేటు, ఆ ఫైలు నింపిన ఆపరేటర్ విఠల్ సంచిని గేటు బయట పెట్టించాడు.

"ఎన్నేండ్ల సంది చేస్తున్న సేట్! ఫ్యాను కావాలెననే రాసిన" అంటున్నాడు విఠల్.

మేడం ఫైలు తెరిచారు. ఫ్యాను వరుసలో ఇంగ్లీషు అక్షరాల్లో 'హో' అని ఉంది. మరాఠీలో అవునని. విఠల్ ఇంట్లో మాట అదే.

"యెస్ అని రాయమన్నం కద మేడం, తప్పాయనదే" అని గొణిగాను.

"ఆయన అవునన్నడు. నువ్వు కాదనుకున్నవ్. అర్థం కాలేదని ఒక్క మాటన్న అన్నవా?" అని, సేటు వైపు తిరిగారు. "తప్పు మా ప్రోగ్రాంది సేట్. విఠల్‌ను తీసేస్తే నన్ను గూడ గాయన పక్కకే నిలబెట్టుండ్రి."

సేటు గేటు దగ్గరి మనిషిని కేకేశాడు. "గా సంచి లోపలికి తేరా. పని కాడ నాకీ పంచాయితీ వద్దు" అన్నాడు.

తిరుగు బస్సులో మేడం నన్ను వదల్లేదు. "అవును ఒకటి, కాదు ఒకటి, అర్థం కాలే అనేది మూడోది. మూడోదాన్ని కాదుల కలపకు. అంకెలు గూడ జర చూడు. అంకె కాడ అక్షరాలొస్తే నీ ఫంక్షన్ సప్పుడు చెయ్యకుండ సున్నా ఇస్తది. ఆయన సున్నానే రాసిండా, ఇంకేమన్న రాసిండా నీకెట్ల తెలుస్తది?"

అంకె చదవడం ఏ అక్షరం దగ్గర ఆగిందో చూపే ఫంక్షన్ పెట్టి అంతా మళ్లీ రాశాను. అర్థం కాని మాటొస్తే ఇప్పుడు ప్రోగ్రాం ఆ వరుస చూపించి అడుగుతుంది. జవాబొచ్చేదాకా ఫ్యాను తిప్పుతూనే ఉంటుంది. 'హో' కూడా అవునుల్లో చేరింది.

ఈ రోజు నా దగ్గర పనిచేసే పిల్లలు మాట్లాడకపోతే ఒప్పుకున్నారనీ అనుకోను, కాదన్నారనీ అనుకోను. అడుగుతాను. చాలాసార్లు నాకు తట్టని ఆలోచన బయటపడుతుంది.

ఇక ఒట్టు సంగతి. ఆ గుడ్డు కోడి పెట్టింది కాదు, ఈ కథలో నేను పెట్టింది. వినేవాళ్లు గుడ్డును నమ్మేసి, సేటు సంచి లోపలికి తెప్పించాడంటే మాత్రం అబద్ధమని నవ్వుతారు. నవ్వనీ. విఠల్ ఇంకా ఆ ఫ్యాను పక్కనే పనిచేస్తున్నాడు.