కొత్తిమీర కట్టకు తాళంచెవి

ఉదయం నాలుగూ నలభైకి మా అమ్మ ఆ రోజుకు చివరి గ్లాసు నీళ్ళు తాగేది. వారానికి ఒకసారి, అంగడి రోజున. అయిదింటికి ఆకుకూరల మూటలతో ఆటో ఎక్కితే బాన్సువాడ, చీకటి పడే వేళకు మళ్ళీ ఇల్లు. ఆ రెంటి మధ్య ఆమె గొంతులో చుక్క పడేది కాదు. చూసినవాళ్ళు ఉపవాసం అనుకునేవారు. అంగడిలో మగవాళ్ళకు వెనక గోడ ఉంది. ఆడవాళ్ళకు ఇల్లు ఉంది, తొమ్మిది కిలోమీటర్ల దూరంలో.

నీళ్ళకు కొదవ లేదు. ఆమె పక్కన నిండు బిందె ఉండేది. మూతకు మేకుతో చిల్లులు పొడిచిన డబ్బాలో నింపి పాలకూర మీద, కొత్తిమీర మీద గంటకోసారి చిలకరించేది. ఆకు వడలితే బేరం పోతుంది. మనిషి వడలితే బేరానికి ఏ నష్టమూ లేదు.

తొంభైల చివర నేను డిగ్రీ చదివేదాన్ని. సెలవుల్లో అమ్మ పక్కన కూర్చుని నవలలు చదువుకునేదాన్ని. వాటిలో ఆడవాళ్ళు ప్రేమించారు, ఏడ్చారు, చచ్చిపోయారు. ఒక్కరికీ ఈ అవసరం రాలేదు.

రెండువేలు దాటాక ఒక ఏడాది అంగడి మూలన మరుగుదొడ్లు కట్టారు. తెల్లటి గోడలు, లోపల కుళాయి, చేతులు కడుక్కునే తొట్టి. పెద్దలు వచ్చి రిబ్బను కత్తిరించారు, ఫోటో దిగారు, తాళం వేశారు. వాడితే పాడవుతాయి కదా.

అమ్మ పక్కన ఉల్లిగడ్డలమ్మే అక్కకు చిన్నప్పుడే ఒక కాలు చచ్చుబడింది. కర్ర ఊతంతో నడిచేది. కట్టినవాళ్ళు ఆమెనూ మరచిపోలేదు. మెట్ల పక్కన నున్నటి వాలుదారి వేసి, పట్టుకోవడానికి ఇనుప కడ్డీ పెట్టారు. ఆమె తలుపు దాకా ఎక్కి, అలాగే దిగి వచ్చింది.

"ఏమైందే?" అంది అమ్మ.

"దారి మస్తుగున్నది అక్కా. తాళం ఇంక మస్తుగున్నది."

తాళంచెవి కాపలాదారు దగ్గర ఉండేది. కాపలాదారు చాయ్ హోటల్ బల్ల దగ్గర, పదిమంది మగవాళ్ళ మధ్య ఉండేవాడు. మంచివాడే, అడిగితే ఇస్తాడు. కానీ అడగాలి.

"నువ్వు పొయి అడుగరాదే, సదువుకున్నదానివి," అంది అమ్మ నాతో. నా చదువు చాయ్ హోటల్ దాకా రాలేదు.

మూడు అంగడి రోజులు చూసి, నాలుగో అంగడినాడు అమ్మ ఒక కొత్తిమీర కట్ట తీసుకెళ్ళి, ఏమీ అనకుండా ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఆయన కట్టను చూశాడు, అమ్మను చూశాడు. ముఖం రోడ్డు వైపు తిప్పుకుని తాళంచెవి బల్ల అంచున పెట్టాడు. పని అయ్యాక అమ్మ తాళంచెవి అక్కడ పెట్టి, తన కట్ట తాను తెచ్చుకుంది.

ఆ రోజు నుంచి అంగడి ఆడవాళ్ళందరికీ అదే పద్ధతి. ఎవరికి అవసరమైతే వాళ్ళు ఆ కట్ట పట్టుకుని వెళ్ళేవారు. సాయంత్రానికి అది మేక కూడా ముట్టనంతగా నలిగేది.

"గీ కట్ట తిరిగినంత నేను పుట్టినకాడికెళ్లి తిరగలే," అనేది ఉల్లిగడ్డల అక్క.

ఆ ఎండాకాలం అమ్మ అంగడిలో మిట్టమధ్యాహ్నం నీళ్ళు తాగడం మొదటిసారి చూశాను. బిందెలో గ్లాసు ముంచి సగం తాగింది, మిగిలిన సగం పాలకూర మీద చల్లింది.

వానలు మొదలయ్యాక ఒక అధికారి తనిఖీకి వచ్చాడు. కాపలాదారు ముందు కట్ట కనిపించింది.

"ఏందిది?"

"కొత్తిమీర, సార్."

"అది నాకూ కనవడుతుంది. ఎవరిచ్చిండ్రు?"

"అంగట్ల ఆడోళ్ళు, సార్."

"ఎందుకిచ్చిండ్రు?"

పదిమంది ముందు అది ఎందుకో చెప్పడానికి ఆయనకూ నోరు రాలేదు. తల దించుకున్నాడు. తల దించుకున్నవాడు మామూళ్ళు తిన్నట్టే లెక్క. నేను పది అడుగుల దూరంలో పుస్తకం పట్టుకుని ఉన్నాను. చెప్పవలసిన వాక్యం చిన్నది. చెప్పలేదు.

తాళంచెవి ఆఫీసుకు వెళ్ళిపోయింది. కావలసినవాళ్ళు రిజిస్టరులో పేరు, పని రాసి తీసుకోవచ్చన్నారు. ఎవరూ రాయలేదు. ఆ విధంగా బాన్సువాడ అంగడిలో లంచం అంతమైంది.

"నా కట్టతోని పాపం ఆయనకు మాటొచ్చె," అని అమ్మ చాలా రోజులు బాధపడింది. మళ్ళీ నాలుగూ నలభై గ్లాసుకు వచ్చింది.

కొన్నేళ్ళకు ఆమె మూత్రపిండాలు పాడవడం మొదలైంది. దవాఖానలో డాక్టరు, "నీళ్ళు మంచిగ తాగుతవా అమ్మా?" అని అడిగాడు.

"తాగుత సారూ. అంగడి లేని దినాలల్ల."

ఆయన చీటీ మీద నీళ్ళు ఎక్కువ తాగాలని రాసి, కింద గీత గీశాడు. ఆ చీటీ నా దగ్గర ఉంది. అందులో తప్పేమీ లేదు.

అమ్మ పోయింది. మా ఇంట్లో అంగడినాడు నాలుగూ నలభైకి ఎవరూ నీళ్ళు తాగడం లేదు.