పోశవ్వ అద్దం

పోశవ్వకు చూపున్న కన్ను ఒక్కటే. ఎడమది చిన్నప్పుడు అమ్మవారు పోసి పోయింది. ఆ కుడి కంటితోనే సిరిసిల్లలో ఇన్నేళ్లూ మరమగ్గాలకు కండెలు చుట్టింది. పోగు తెగితే, పక్కవాళ్లు కొస వెతుక్కునేలోపు ఆమె పట్టి ముడి వేసేసేది. అలాంటి మనిషికి ఆ ఒక్క కంట్లో శుక్లం వచ్చింది. ఆపరేషన్ పేరుతో ఆ కన్నును ఏం చేశారో తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది.

గంభీరావుపేటలో ఎవరో పెద్దమనిషి పుట్టినరోజని కంటి శిబిరం పెట్టారు. పోశవ్వను వ్యాన్‌లో పట్నం తీసుకుపోయి ఆపరేషన్ చేయించి తెచ్చారు. నల్లద్దాలు పెట్టి, మెడలో దండ వేసి, పెద్దమనిషి పక్కన నిలబెట్టి ఫొటో తీశారు. ఆపరేషన్ బల్ల మీద ఉన్నప్పుడు "అద్దం ఇప్పుడు కాదు, తర్వాత వేద్దాం" అని ఎవరో అన్నారట. బయటికి రాగానే నల్లద్దాలు పెట్టారు కదా, ఆ అద్దం ఇదేననుకుంది పోశవ్వ.

అనుకోదా మరి! మా దగ్గర కంటి లోపల పెట్టే లెన్సూ అద్దమే, ముక్కు మీద పెట్టుకునేదీ అద్దమే, గోడకు తగిలించేదీ అద్దమే.

మళ్లీ చూపించుకోవడానికి శిబిరానికి పోతే, అక్కడ ఒకాయన కుర్చీలోంచి కదలకుండానే అడిగాడట.

"అద్దం ఏసిన్రా అవ్వా?"

పోశవ్వ ముక్కు మీది నల్లద్దాలు తడుముకుంది. "ఏసిన్రు సారూ."

"మంచిది, పో."

అంతే! ఒక్కసారి లైటు కొట్టి కన్ను చూసే తీరిక లేదు ఆ మహానుభావుడికి.

ఆపరేషన్ అయినప్పటినుంచి పోశవ్వకు వెలుతురు తెలిసేది కానీ మనిషి మొహం తెలిసేది కాదు. "బాయిల మునిగి కండ్లు తెరిసినట్టున్నది బిడ్డా" అనేది నాతో. కొడుకు మహేందర్ విసుక్కునేవాడు. "ఆపరేషన్ చేపిచ్చినం గదనే, ఇంకేం జెయ్యాలె?" ఆమె పనిచేసే మరమగ్గాల షెడ్డు ఆసామి మార్కండేయులు ఇంకా ఘనుడు. "గుడ్డి కన్ను మూసినా తెరిసినా ఒకటే. ఇంటికాడ కూసో పోశవ్వా" అని అందరి ముందూ అన్నాడు. పని ఎగ్గొట్టడానికి నాటకమాడుతోందని కొందరు గుసగుసలు పోయారు. జ్వరమొచ్చినా షెడ్డు మానని మనిషిని పట్టుకుని ఆ మాటా! వాళ్ల నోళ్లు పడిపోను.

పక్కింటిదాన్ని కాబట్టి రోజూ చూసేదాన్ని. మా అరుగు మీద కూర్చుని ఒట్టి వేళ్లతో లేని పోగుకు ముడులు వేస్తుండేది. "చేతులు ఊకుంటలెవ్వే స్వరూపా" అనేది. అలా రెండేళ్లు గడిచాయి. ఇక ఆగలేక, మా పుట్టిల్లు కోరుట్లకు పోయేటప్పుడు వెంట తీసుకుపోయి అక్కడ కంటి డాక్టరమ్మకు చూపించాను.

ఆమె అద్దం ఏసిన్రా అని అడగలేదు. లైటు వేసి కన్నే చూసింది.

"ఈ కంట్లో లెన్సే లేదమ్మా. పాతది తీసేశారు, కొత్తది పెట్టలేదు."

పైన పటారం, లోన లొటారం అంటే ఇదే! "గిన్ని రోజులు ఎవ్వలు సూడలేదా?" అని ఆ డాక్టరమ్మ మీదే అరిచాను. పాపం, ఆమె ఏం చేస్తుంది? మందపాటి గాజుబిళ్ల ఒకటి తీసి పోశవ్వ కంటి ముందు పెట్టింది.

పోశవ్వ నా వైపు తిరిగింది. మెల్లగా చెయ్యి చాచి నా రవిక భుజం మీద ఏదో తుంచింది.

"పోగు లేసింది బిడ్డా."

నాకు ఏడుపూ కోపమూ ఒక్కసారే తన్నుకొచ్చాయి.

కొన్నాళ్లు ఆ మందపాటి అద్దాలు పెట్టుకుంది; పెరట్లోకి స్నానానికి పోయేటప్పుడు మాత్రం ఇంట్లోనే తీసి పెట్టేది. ఆ తర్వాత డాక్టరమ్మే కంటి లోపల లెన్సు పెట్టింది. కట్టు విప్పి ఇంటికి తెచ్చిన మర్నాడు పొద్దున్నే వాళ్ల పెరట్లోంచి కేక వినిపించింది.

"స్వరూపా! గీ నల్లద్దాల ముసల్దెవరే?"

పరిగెత్తాను. వాళ్ల స్నానాలగదికి తలుపు లేదు. మహేందర్ ఎక్కడినుంచో తెచ్చి కట్టిన పాత ఫ్లెక్సీయే తెర. దాని మీద దండ వేసుకున్న ముసలామె, పక్కన నవ్వుతున్న పెద్దమనిషి, కింద పెద్ద అక్షరాలతో 'చీకటి బతుక్కి చూపునిచ్చిన చేతులు'.

"నువ్వే పెద్దమ్మా" అన్నాను.

రోజూ ఆ తెర పక్కకు జరుపుకునే స్నానం చేసింది ఆమె. కొడుకు రోజూ దాన్ని చూస్తూనే ఆమెను కసురుకున్నాడు. పోశవ్వ దాన్ని పైనుంచి కిందికి చూసింది.

"అద్దం ఏసిన్రా అంటె ఏసిన్రన్న. నిజమే గదనే, ఏసిన్రు. నా మొఖానికి!"

ఈ ఏడు ఆ పెద్దమనిషి పుట్టినరోజుకు మళ్లీ శిబిరం పెట్టారు. ఆపరేషన్లయినవాళ్లు గంభీరావుపేటలో వ్యాన్ దిగే వేళకు పోశవ్వ అక్కడుంది. ఫ్లెక్సీ పట్టుకుని పక్కన మహేందర్ తలొంచుకుని నిలబడ్డాడు. దిగిన ప్రతి మనిషినీ ఆమె ఆపి అడిగింది.

"అద్దం ఏసిన్రా?"

"ఏసిన్రవ్వా."

"యాడ? కంట్లనా, మొఖానికా?"

దండలు పట్టుకున్న కుర్రాడు కసిరాడు. "పక్కకు జరుగవ్వా, ఫొటో తియ్యాలె."

"ముందుగాల లైటు కొట్టి గా కన్ను సూడుమను. గప్పుడు తియ్యి నీ ఫొటో!"

వెనకాల ఒక ముసలాయన నల్లద్దాలు తడుముకుంటూ ఆగిపోయాడు. "నాకెరుక లేదవ్వా" అన్నాడు.

పోశవ్వ ఆయన మెడలోని దండ తీసి కుర్రాడి చేతిలో పెట్టింది. ముసలాయన చెయ్యి పట్టుకుని శిబిరం డాక్టరు కూర్చున్న గదిలోకి నడిపించుకుపోయింది.