కిటికీకి ఐదు గుండీలు

ఆ దర్జీని వీధిలో అందరూ అరంగుళం మావయ్య అంటారు. ఎవరికి ఏం కుట్టినా లోపల అరంగుళం గుడ్డ అదనంగా మడిచి వదలడం ఆయన అలవాటు. మనిషన్నాక ఎప్పుడో ఒకప్పుడు ఒళ్లు చేయక మానడని ఆయన గట్టి నమ్మకం.

ముందు గదిలో ఆయన మిషను, వెనక గదిలో ఆయన భార్య కూర్చుని కాజాలు కుట్టే పీట. మధ్య గోడలో రెక్కల్లేని చిన్న కిటికీ. పెళ్లయిన కొత్తలో ఆయనే కొట్టించాడు. కుట్టిన కోట్లు అందించుకోవడానికని పైకి చెప్పాడు గానీ, ముప్పై ఏళ్లుగా అందులోంచి కోట్ల కంటే కబుర్లే ఎక్కువ వెళ్లాయి.

ఈ చలికాలం ఆవిడ వేళ్లు కొయ్యబారాయి. పొద్దున్నుంచి హీటరు వేసినా గది వెచ్చబడదు, మీటరు మాత్రం గిర్రున తిరుగుతుంది. నెలాఖరులోగా సందుల్లోంచి దూరే ఆ చలిగాలి సంగతి చూడకపోతే చలి తగ్గేదాకా అక్కగారింటికి వెళ్లి ఉంటానని ఆవిడ నెమ్మదిగా చెప్పింది. అరిచి చెప్పి ఉంటే ఆయన అంత భయపడేవాడు కాదు.

దారప్పోగు పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. పోగు ఊగిన చోటల్లా సుద్దతో గీత గీశాడు. ఊరందరికీ కోట్లు కుట్టి సొంత ఇంటికి చొక్కా కూడా తొడగలేదని తనను తానే తిట్టుకున్నాడు. వీధి వైపు కిటికీ రెక్కలకు మందపాటి గుడ్డ పట్టీలు అంటించాడు. తలుపుల కింద పెట్టడానికి పేలికలు కూరి పొడవాటి దిండ్లు కుట్టాడు. తీరా పెట్టి చూస్తే ఒక్కటీ సరిగా ఇమడలేదు. మధ్యలో విల్లులా వంగి, పక్కన సందు వదిలేశాయి. ఆవిడ వంగి చూసింది.

"అరంగుళం వదిలారా?"

"అలవాటు."

"తలుపు కూడా ఒళ్లు చేస్తుందా అండీ?"

విప్పి మళ్లీ కుట్టాక అన్నిచోట్లా పోగు నిలిచింది, గోడలోని ఆ చిన్న కిటికీ దగ్గర తప్ప. ఎవరు వీధి తలుపు తీసినా చలిగాలి తిన్నగా అందులోంచి ఆవిడ చేతుల మీదికే పోతోంది. ఆ సంగతి ఆయనకు మొదటి రోజే తెలుసు. మూస్తే ఆవిడ గొంతు వినబడదు, మూయకపోతే ఆవిడే ఉండదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. రెండు రోజులు ఆ గోడ వైపు చూడకుండా మిషను తొక్కాడు.

మూడో రోజు ఆవిడ సంచి సర్దుకోవడం కంటపడింది. మిగిలిన కోటు గుడ్డలో దూది కూరి తెర కుట్టి, వెనక గదిలోకి వెళ్లి ఐదు గుండీలతో కిటికీ చట్రానికి బిగించాడు. పోగు కదల్లేదు. తన చోటికి వచ్చి కూర్చుంటే మాత్రం, ఆవిడ అలికిడి వినబడక ఆయనకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆవిడ తెరను తడిమి చూసింది. ఆయన జన్మలో కాజా కుట్టి ఎరగడు. ఐదూ ఐదు దిక్కులు చూస్తున్నాయి. ఆవిడ సంచి పక్కన పెట్టి, తెర ఊడదీసి, హీటరు దగ్గర కూర్చుని సాయంత్రానికి అన్నీ మళ్లీ కుట్టింది. తిరిగి బిగించేటప్పుడు నాలుగు గుండీలే పెట్టింది. తెర మూల సందు కనబడి, ఐదోది మరిచిపోయావని ఇవతలి నుంచి ఆయన గుర్తుచేశాడు.

"మరిచిపోలేదు," అంది ఆవిడ. "అరంగుళం వదిలాను."

ఆ మాట ఆయనకు చక్కగా వినబడింది.