ఎత్తు పెరుగుతూ పోయిన బండి

అరకులో మా అత్తమ్మ ఇల్లు రెండు గదులు. ఆ రెండింటి మీదా ఆవిడదే రాజ్యం. మిషను ఆసుపత్రిలో చాలా కాలం ఆయాగా చేసిన మనిషి కాబట్టి ఇంట్లో ఎవరు ఎప్పుడు లేవాలో, ఎప్పుడు తినాలో, ఎప్పుడు దీపం ఆర్పాలో వార్డులో లాగే నడిపేది. తిట్టేది మాత్రం కాదు. తిట్టినా బాగుండేదనిపించేది నాకు, తిడితే తిరిగి ఏదో ఒకటి అనొచ్చు. ఆవిడ నా మీద ఫిర్యాదులన్నీ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నేరుగా దేవుడికే చెప్పుకునేది. "ప్రభువా, ఈ గుంటకి కూరలో ఉప్పెంతెయ్యాలో నువ్వే సెప్పు. వాన రాకముందే బట్టలు తియ్యాలన్న గ్యానం నువ్వే ఇయ్యి." గుంట అంటే పిల్ల, అంటే నేను. అందరం కళ్లు మూసుకుని, తలలు దించుకుని వినాలి. చివర ఆమెన్ అనాలి. నా తప్పులకు నేనే ఆమెన్ చెప్పుకుంటూ నా కాపురం మొదలైంది.

మా ఆయన జీపు మెకానిక్కు. స్టేషను రోడ్డులో, మా ఇంటి పక్కనే, రేకుల షెడ్డు, అందులో సొంతానికి ఒక పాత జీపు ఉండేవి. ఒక్కడే కొడుకు. తల్లి మాటకు ఎదురు చెప్పడు, నా మాటకూ ఎదురు చెప్పడు, ఇద్దరి మాటా వినడు. మంచివాడు. ఆ మంచితనంతోనే నాకు సగం ప్రాణం విసిగిపోయింది.

తొంభైల చివర్లో నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. డుంబ్రిగుడ దాటాక సంత జీపు దిగి, కొండెక్కితే వచ్చే ఊళ్లో ఒక్క టీచరే ఉండే బడి. చీకటితో లేచి, వంట చేసిపెట్టి, జీపు పట్టుకుని, నడిచి నడిచి అక్కడికి చేరేసరికి పొద్దు నడినెత్తికి వచ్చేది. బడిలో పిల్లలుండేవారు కాదు. కాసేపు కూర్చుని, మళ్లీ జీపు తప్పిపోతుందేమోనని పరుగు. నేను చేసింది ఉద్యోగం కాదు, నడక.

ఒకరోజు ఊరి పెద్ద బడి అరుగు మీద నా కోసం కనిపెట్టుకుని కూర్చున్నాడు. చుట్ట ఆర్పి పక్కన పెట్టి, నెమ్మదిగా చెప్పాడు.

"నువ్వొచ్చేతలికి గుంటలు మేకల ఎనక ఎల్లిపోతారు, టీచరమ్మా. తెల్లారకట్టా, పొద్దుగూకినాకా, అప్పుడే ఆలు ఊళ్లో ఉంటారు. ఈ ఊళ్లో పడుకున్న టీచరే మాకు టీచరు."

నాకు ముందు వచ్చిన వాళ్లెవరూ పడుకోలేదట. నేనూ అంతే అయితే పిల్లల్ని దూరంగా హాస్టలు బడికి పంపేసి, ఈ బడి మూసేయమని పైవాళ్లకు చెప్పేస్తామన్నాడు. బెదిరింపుగా అనలేదు, పంట సంగతి చెప్పినట్టు చెప్పాడు. ఎవరింట్లోనైనా ఒక వార ఇస్తామని కూడా అన్నాడు. తిరిగొస్తూ దారంతా నాకు ఒకటే ఆలోచన. ఆ ఊళ్లో పడుకుంటే ఉద్యోగం నిలబడుతుంది, పిల్లలు చదువుకుంటారు. అన్నిటికీ మించి, సాయంత్రం పూట నేను కళ్లు తెరుచుకుని కూర్చోవచ్చు.

అత్తమ్మ ఒప్పుకోలేదు. పరాయి ఇంట్లో కోడలు పడుకోవడం ఏమిటని ఆ సాయంత్రం దేవుణ్ణి చాలాసేపు నిలదీసింది. అప్పుడు మా ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. మిషను కాంపౌండులో, పనస చెట్ల వెనక, ఒక పాత ట్రైలరు పడి ఉండేది. ఎప్పుడో మిషను దొరలు కొండ ఊళ్లకు వైద్యం చేయడానికి వెళ్లేటప్పుడు జీపు వెనక తగిలించుకుని, రాత్రుళ్లు అందులోనే పడుకునేవారట. అత్తమ్మ దాన్ని దొరల డబ్బా అనేది. చర్చి జీపు బాగుచేసి పెడుతుంటాడని కమిటీవాళ్లు దాన్ని మా ఆయనకు ఇచ్చేశారు. "ఇది బాగుచేసి ఆ ఊళ్లో పెట్టీసేమంటే నీ ఇల్లు నీకుంటాది. అమ్మ కూడా ఏటీ అనదు," అన్నాడు. పెళ్లయ్యాక నాకు అంత సంతోషం కలిగిన రోజు మరొకటి లేదు.

దాన్ని షెడ్డుకు లాక్కొచ్చాం. మొదట్లో నేనే ముందుండేదాన్ని. లోపల చెక్కంతా చెదలు తినేసి, చెయ్యి వేస్తే పిండిలా రాలింది. అంతా పీకి బయట పారేశాం. వైరు బ్రష్షుతో తుప్పు గోకాను, ఎర్ర రంగు పూశాను. బయటి రేకు బాగానే ఉంది గానీ రివిట్లు వదులయ్యాయి. రివిట్టు కొట్టాలంటే బయట ఒకరు సుత్తితో కొడుతుంటే లోపల ఒకరు ఇనుప దిమ్మను గట్టిగా అదిమిపట్టాలి. ఆదివారాలు చర్చి అయ్యాక ఆయన బయట, నేను లోపల. ఎండకు రేకు కాలిపోయేది. ప్రతి దెబ్బా మోచేతి దాకా గుంజేది. అయినా నా ఇంటి గోడ అనుకుంటే నొప్పి తెలిసేది కాదు. రెండు పడకలు, మడత బల్ల, చిన్న కిటికీ. ఆ కిటికీకి నా పాత చీర కొంగుతో తెర కుట్టాను.

చలికాలం మొదట్లో కొండలన్నీ పచ్చగా వలిసె పూలు పూసే నాటికి ట్రైలరు ఇల్లులా అయింది. ఊరి పెద్ద సంత రోజున షెడ్డుకు వచ్చి చూశాడు. చుట్టూ తిరిగి, భుజాన ఉన్న, విస్తరాకులిచ్చే అడ్డాకు తీగ తీసి దాని పొడవూ, వెడల్పూ, ఎత్తూ కొలిచి, ముడులు వేసుకుని వెళ్లాడు. ఎందుకని అడిగితే బండి వచ్చాక నిలపడానికి చోటు కావాలి కదా అన్నాడు.

ఇక తగిలించుకుని వెళ్లడమే తరువాయి అనుకున్నాను. అప్పుడు మొదలైంది అసలు కథ. ఆ దారిలో రాళ్లకు ఈ చిన్న టైర్లు ఆగవన్నాడు మా ఆయన. జీపు చక్రాలు వేయాలి, అప్పుడు ఒకే స్టెప్నీ రెండిటికీ సరిపోతుందన్నాడు. సరే అన్నాను. జీపు చక్రాలు వేయాలంటే ఇరుసు మార్చాలి. ఇరుసు మార్చాక, బండి బరువు మోసే కమాను కట్టలు సరిపోలేదు. అవి దొరికేసరికి వానలు. వానల్లో వెల్డింగు పని సాగదు. వానలు వెలిశాక వాగులో అడుగు తగులుతుందని, ఇరుసు కింద ఉన్న కమాన్లను పైకి తెచ్చి బిగించి, ట్రైలరును మోకాలెత్తు పైకి లేపాడు. లోపలికి ఎక్కాలంటే నాకు పీట కావలసివచ్చింది. నీళ్ల ట్యాంకు పెట్టాలని ఒక పడక పీకేశాడు. కొమ్మలు గుద్దుకుంటాయని కిటికీకి ఇనుప జల్లెడ వేశాడు. షెడ్డుకు వచ్చిన ప్రతి జీపు డ్రైవరూ ఒక సలహా పారేసి పోయేవాడు. మా ఆయన నా మాట తప్ప అందరి మాటా విన్నాడు.

అక్కడ ఊళ్లో పని ఇంకో రకంగా జరిగింది. కోతలయ్యాక దిశారి, అంటే వాళ్ల ముహూర్తాలు చూసేవాడు, ఒక రోజు చెప్పాడు. ఆ రోజు నుంచి ఇంటికొక మనిషి గునపం పట్టుకుని కాలిబాటను బండి బాట చేయడం మొదలుపెట్టారు. ఒకరి పనికి అందరూ రావడం వాళ్లకు అలవాటే, ఆ ఏడు ఆ పని నాది. రాళ్లు దొర్లించారు, వాగులో బండలు పరిచారు. ఆడవాళ్లు బుట్టలతో మట్టి ఎత్తారు. మధ్యాహ్నం అందరికీ కలిపి చోడి అంబలి. నేను నడిచి వచ్చేటప్పుడు తలెత్తి నవ్వి, "బండెప్పుడొత్తాది?" అని అడిగేవారు. వచ్చే నెల అనేదాన్ని. ఆ మాట అనీ అనీ నాకు ఆ దారిలో నడవడమే నరకమైంది. ఇంటికి పోతే అత్తమ్మ, ఊరికి పోతే ఈ ప్రశ్న. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో అప్పుడు తెలిసింది.

దారి చదును చేశారు, ఇంకేం పని అక్కర్లేదని మా ఆయనకు చెప్పాను. మనుషులు తవ్విన దారి ఒక్క వానకు కొట్టుకుపోతుందన్నాడు. వెళ్లి చూడమన్నాను. చూస్తానన్నాడు. చూడలేదు. జీపుకు తగిలించే కొక్కెం పాతదైపోయింది, మెలి తిరిగే రకం వేయాలని మళ్లీ ట్రైలరు కిందకు దూరాడు. ఆ కాళ్లు చూస్తూ నిలబడితే నాకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది, అది ఏడుపు కన్నా ఎక్కువే. ఊరి పెద్ద కూడా చివరికి మాట తేల్చేశాడు. సామ కోతల దాకా చూస్తాం, తర్వాత గుంటల్ని హాస్టలుకు పంపేస్తాం అన్నాడు.

సామ కోతకు వచ్చింది. సోమవారం సంత జీపు షెడ్డు ముందు ఆగితే, నా పరుపుచుట్ట, రెండు గిన్నెలు, పలకల కట్ట తెచ్చి జీపు టాపు మీద పెట్టమన్నాను. జీపులో జనం, రోడ్డు మీద జనం, అందరూ మా ఆయన వైపే చూశారు. ఆయన నా సామాను దింపించి, తన జీపు వెనక్కి తీసి, కొక్కేనికి ట్రైలరు తగిలించాడు. అత్తమ్మ గుమ్మంలోంచి చూస్తూ ఉంది. ప్రార్థన మాత్రం చేయలేదు.

దారిలో ఒక్క చోట కూడా ట్రైలరు ఊగలేదు. వాగులో బండల మీద నీళ్లు చీలమండ దాకా లేవు. మా ఆయన అద్దంలో వెనక్కి చూసుకుంటూ నడిపాడే గానీ దారి గురించి ఒక్క మాట అనలేదు. నేనూ అడగలేదు. అడిగితే పోట్లాట అయ్యేది, ఊరు చేరడం నాకు ముఖ్యం.

ఊళ్లో అందరూ బడి దగ్గరికి వచ్చారు. బడి పక్కన రాళ్లతో అరుగు కట్టి, దాని మీద బండి కోసం గడ్డి పాక వేశారు. గోడలు లేవు, గుంజలూ కప్పూ అంతే. బండి లోపలికి పోయి నిలబడితే వాన పడదు, ఎండ తగలదు. మా ఆయన వెనక్కి నెట్టాడు. టప్‌మని చప్పుడైంది. ట్రైలరు కప్పు పాక దూలానికి తగిలి ఆగిపోయింది. దిగి చూశాడు. ఊరి పెద్ద తన తీగ తెచ్చి, ముడి నేలకు ఆనించి పట్టి చూపించాడు. పెద్దాయన కొలిచినప్పుడు ట్రైలరు ఇంత ఎత్తు లేదు. తప్పు తన కొలతదేమోనని పెద్దాయన మొహం చిన్నబోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

దూలం ఎత్తుతామన్నారు వాళ్లు. మా ఆయన వద్దన్నాడు. కమాన్లు మళ్లీ కిందకు దించితే సరిపోతుందని, అది షెడ్డులో అయితేనే కుదురుతుందని, వారం పని అని చెప్పాడు. నన్ను పక్కకు పిలిచి జీపెక్కమన్నాడు. వారం ఆగి, అంతా సరిచేసుకుని వద్దామన్నాడు.

"మీరు తీసుకెళ్లండి. నేనుంటాను," అన్నాను.

"ఎక్కడుంటావు?"

పాక వైపు చూపించాను. ఆయన నా మొహం చూడకుండా అన్నాడు. "పని అయిపోతే నువ్వెల్లిపోతావని తెల్సు నాకు. ఆ ఇంట్లో అమ్మా నేనూ మిగుల్తాం."

ఇన్నాళ్లూ ఈ మాట చెప్పలేకా ఇంత ఇనుము అతికించాడు అనిపించింది. ఆయన కూడా నాలాగే ఆ ఇంట్లో ఇరుక్కున్నవాడే. నేను ఆ ఇంట్లోనే ఉండిపోతే ఆయనకు ఒరిగేదేమీ లేదు, ఆయనతో పాటు నేనూ ఇరుక్కుపోవడమే. ఆ క్షణంలో ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకుంటే జీపెక్కేస్తానని భయం వేసింది. పట్టుకోలేదు. ఆదివారం రండి, వంట చేస్తాను అన్నాను.

బడి ముందు ట్రైలరు తిరగడానికి చోటు చాలలేదు. ఊళ్లో మగవాళ్లందరూ చేతులు వేసి, దాన్ని పట్టి, దారి వైపు తిప్పి పెట్టారు. జీపు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. వాన వచ్చేలా ఉంది, నా ఇంటికి గోడలు లేవు.

వెనక్కి తిరిగేసరికి ఆడవాళ్లు అప్పటికే వెదురు చీల్చి తడికెలు అల్లుతున్నారు. చిన్న గుంటలు మట్టి తొక్కుతున్నారు. ఊరి పెద్ద భార్య ఒక తడిక భుజాన వేసుకుని నా దగ్గరికి వచ్చింది.

"తలుపెటేపు పెట్టమంటావు, టీచరమ్మా?"

పెళ్లయిన నాటి నుంచి నన్ను ఎవరూ ఏదీ ఎటు పెట్టాలని అడగలేదు. ఒకసారి దారి వైపు, ఒకసారి బడి వైపు చూశాను. దారి వైపు పెడితే ఆయన వచ్చేది కనిపిస్తుంది.

బడి వైపు పెట్టమన్నాను.