భూకంపంతో బేరం

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో గొప్ప బేరగాళ్లు చాలామందే ఉండేవారు గాని, భూకంపంతో బేరమాడినవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. మాది కిరాణా కొట్టు; ఎవరైనా ధర చెబితే సగానికి అడగకపోవడం మా ఇంట్లో అమర్యాద. అలాంటి నేను ఇంజనీరింగ్ చదివి, భవనాలు డిజైన్ చేసే ఆఫీసులో చేరిన కొత్తల్లోనే మా చిన్నాయన ఎల్.బి.నగర్‌లో ఐదంతస్తులకు పూనుకున్నాడు (కింద చీరల దుకాణం, పైన ఆయన సంసారం). మా ఆఫీసు మొదట వేసిన లెక్క చూసి, "ఏందిరా, ఇంట్ల ఇంజినీరుండంగ గింత ఇనుమా? జర తగ్గించరాదు!" అన్నాడు. సరేనని మాటిచ్చేశాను.

కంప్యూటర్‌లో భవనాన్ని నిలబెట్టి భూకంపంతో ఊపబోతే, అది డ్యాంపింగ్ అని ఒక అంకె అడుగుతుంది. ఊగే భవనం ఎంత త్వరగా నెమ్మదిస్తుందో చెప్పే అంకె. కాంక్రీటుకు ఐదు శాతం వేయడం అలవాటు. శాతం అనేసరికి అదేదో తగ్గింపు అన్నట్టు నాలో దుకాణం తెరుచుకుంది. ఇరవై అడిగి, పెద్దమనసుతో పదికి దిగాను (కంప్యూటర్ ఎదురు మాట్లాడలేదు, అంత మెత్తని వ్యాపారిని నేనెక్కడా చూడలేదు). భూకంపం జోరు తగ్గింది, దాంతోపాటు ఇనుమూ తగ్గింది. ఆ సంబరంలో చిన్నాయనకు ఫోన్ కూడా చేశాను.

సాయంత్రం సంతకానికి మా మేడమ్ దగ్గరికి తీసుకెళ్లాను. గుంటూరు వైపు మనిషి, గొంతు పెంచడం ఎరగదు.

"ఈ పది ఎక్కడిదయ్యా?"

"ఇరవై నుంచి దించిన మేడమ్."

ఆవిడ నవ్వలేదు (నవ్వినా బాగుండేది). "మీ కొట్లో పాత తక్కెడ ఉందన్నావుగా. ముల్లు ఊగుతుంటే ఏం చేస్తారు?"

"ఆగేదాక చూస్తం."

"తొందరగా ఉంటే? వేలు పెట్టి ఆపెయ్యరా?"

"అమ్మో! దొంగతూకం అయితది మేడమ్!"

ఆ మాట నోరు దాటాక గాని, వేలు పెట్టింది ఎవరో నాకు తెలిసిరాలేదు.

"ముల్లు తనంతట తాను ఆగాలి. భవనమూ అంతే. సన్నటి పగుళ్లలో, గోడల రాపిడిలో ఊపు అరిగిపోవాలి. ఎంత అరుగుతుందనేది దాని గుణం, మనమిచ్చే తగ్గింపు కాదు. పైన పడుకునేది మీ చిన్నాన్నగారి పిల్లలేగా?"

కాలేజీలో అన్నేళ్లు తలకెక్కనిదాన్ని మా తక్కెడతోనే, అదీ నా నోటితోనే చెప్పించిందావిడ. ఎదుటివాడి సరుకుతోనే ఎదుటివాణ్ణి ఒప్పించడం మా నాన్నకు కూడా చేతకాలేదు. అక్కడే కూర్చుని పదిని ఐదు చేసి, బయటికొచ్చి చిన్నాయనకు మళ్లీ ఫోన్ చేశాను.

"గట్లనా? మరి పొద్దుగాల గంతగనం ఎందుకు ఎగిరినవ్‌రా?"

ఇప్పుడా భవనం ముందునుంచి వెళ్లినప్పుడల్లా, ఆ కుర్ర బేరగాడి ధైర్యం మీద కొంచెం ముచ్చటే వేస్తుంది. చివరికి పట్టిన ఇనుము మొదట చెప్పినంతే, ఒక్క కమ్మీ తగ్గలేదు. చిన్నాయన వెక్కిరింతలు మాత్రం అదనం; అవి ఇంకా కొసరు వేస్తూనే ఉన్నాడు.