చూడకుండా వేసిన ఐదు స్టార్లు

మా స్కూలుకు మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో బ్రాంచీలున్నాయి. మూడు చోట్లా గోడల రంగు ఒకటే. చదువు గురించి అంత గట్టిగా చెప్పలేను. నేను పుంగనూరులో సైన్సు చెబుతాను. ఒకసారి ప్రింటరు బాగుచేసిన పాపానికి టెక్నాలజీ నిపుణుణ్ణి కూడా అయ్యాను.

అందుకే ఈ జూన్‌లో కరస్పాండెంట్ నన్ను పిలిచారు. లెక్కలు నేర్పే సాఫ్ట్‌వేర్ కొనాలట. ఏది మంచిదో టీచర్లే సమీక్షలు రాసే వెబ్‌సైట్లు ఉన్నాయట. వాటిలో దేన్ని నమ్మొచ్చో తేల్చి రాసివ్వాలి. కొన్నాక, బడికి ముందు ఆరో తరగతికి జరిగే గంట సాఫ్ట్‌వేర్‌కు పోతుంది.

ఆ గంట లెక్కల మేడమ్‌ది. పెద్దపంజాణి వైపు నుంచి మొదటి బస్సుకు వచ్చే, భాగహారం రాని పిల్లల్ని ఆమె ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని చెబుతారు.

"మేడమ్‌కు ఇంక రెస్టు" అన్నారు కరస్పాండెంట్.

పోయినేడు డ్రాయింగ్ మాస్టారికి రెస్టు ఇచ్చారు. ఆయన ఇప్పుడు బైరెడ్డిపల్లెలో ఫ్లెక్సీలు వేస్తున్నారు.

వారం రోజులు మూడు వెబ్‌సైట్లు చదివాను. మొదటిదాని ప్రకారం లోకంలో చెడ్డ సాఫ్ట్‌వేర్ లేదు. మంచివీ, ఇంకా మంచివీ ఉన్నాయి. వాటిని తయారుచేసే కంపెనీల ప్రకటనలు చుట్టూ ఉన్నాయి. రెండోది నిజాయితీగానే తోచింది గానీ, అది మెచ్చుకున్న వాటిలో సగం ఇప్పుడు దొరకవు. మూడోదాంట్లో కరస్పాండెంట్ మనసుపడ్డ సాఫ్ట్‌వేర్‌కు ఐదు స్టార్లు. కింద వరసగా టీచర్ల అభిప్రాయాలు: "(ఇక్కడ మీ ఊరి పేరు రాయండి) స్కూలులో మా పిల్లలు ఆనందంగా నేర్చుకుంటున్నారు." పదకొండు మంది అక్షరం తేడా లేకుండా అదే రాశారు.

ఆ వాక్యం నాదే. వేసవిలో ఆ కంపెనీ మా మూడు బ్రాంచీల లెక్కల, సైన్సు టీచర్లకు ఆన్‌లైన్ శిక్షణ పెట్టింది. సమీక్ష రాస్తేనే సర్టిఫికెట్టు. మా స్టాఫు వాట్సాప్ గ్రూపులో ఏ ఫారం వచ్చినా ఒకరు రాసి పెడతారు, తక్కినవాళ్ళు కాపీ చేసి పంపుతారు. ఆ రోజు వంతు నాది. సాఫ్ట్‌వేర్‌ను ఎవరమూ తెరవలేదు. రాయనిది మేడమ్ ఒక్కరే. "నేను సూడనే లేదు కద సార్, ఏమని రాసేది?" అన్నారు.

మూడూ నమ్మదగినవి కావని రాసి, కుప్పం బ్రాంచీలో ఉన్న కరస్పాండెంట్‌కు స్వయంగా ఇచ్చాను. ఆయన మొదటి పేజీ చదివారు, లేదా చదివినంతసేపు చూశారు.

"మూడింట్లో ఏది తక్కువ అబద్ధమప్పా?"

"సార్, ఆ స్టార్లు మన టీచర్లు వేసినవే. మొదట రాసింది నేనే."

"అయితే మనోళ్ళకు నచ్చినట్టే కదప్పా."

"ఎవరూ తెరిసి సూడలేదు సార్."

"తెరవకుండానే ఐదు ఇచ్చినారంటే, తెరిస్తే ఇంకెన్ని ఇస్తారో."

ఆయన మదనపల్లెలో టమోటా మండీ నడిపి వచ్చిన మనిషి. చివరి ప్రయత్నంగా అటునుంచి వెళ్ళాను.

"మండీలో పెట్టె కుమ్మరించకుండా ఎప్పుడన్నా కొన్నారా సార్?"

"టమోటా కుళ్ళితే బెంగుళూరోడు లారీ తిప్పి పంపుతాడప్పా. ఆరో తరగతిని ఎవుడు తిప్పి పంపుతాడు?" కాగితాలు మడిచి సొరుగులో పెట్టారు. "మేడమ్ ఒక్కామెకే ఆ సర్టిఫికెట్టు లేదంట కదా. రేపు పేరెంట్స్ అడిగితే ఏం సెప్పేది? సోమవారం నుంచి ఆ గంట కంప్యూటర్ రూములో పెట్టేయండి."

మర్నాడు పొద్దున ఆ తరగతి గుమ్మం దగ్గర నిలబడ్డాను. బోర్డు మీద ఒక భాగహారం సగంలో ఉంది. మేడమ్ సుద్దముక్క పట్టుకునే బయటికి వచ్చారు.

"ఏమన్నాడు సార్?"

"సోమవారం నుంచి కంప్యూటర్ రూములో అంట మేడమ్."

"పిల్లోళ్ళు ఇప్పుడే శేషం కాడికి వచ్చినారు. ఇంకో నెల ఆగమని అడగలేదా?"

"అడిగినాను మేడమ్. ఇనలేదు" అన్నాను.

అడగలేదు. అలా అడగొచ్చని నాకు తట్టనే లేదు.

"సరే సార్, సోమవారం దాకా గంట నాదే కద. వాకిలేసి పోండి" అని ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళిపోయారు.