నా పేరుతో పోయినవాడు

మా తమ్ముడు ఐదో తరగతితో బడి మానేశాడు. మా గట్టు మండలం చుట్టుపక్కల విత్తన పత్తి చేలల్లో మొగ్గలు గిల్లి పుప్పొడి అద్దే పనికి అమ్మ వెంట వెళ్లేవాడు. వాడు మానబట్టే నేను పది పాసయ్యాను. ఆ సంగతి నాకు ఎవరూ గుర్తు చేయలేదు, నేనూ గుర్తు పెట్టుకోలేదు.

పెద్దయ్యాక వాడు గల్ఫ్ పోతానన్నాడు. పది పాసవనివాళ్లు పోవాలంటే సర్కారు అనుమతి కావాలి. ఏ కంపెనీ, ఏం పని అని ఆరా తీస్తారు. మనిషి మోసపోకూడదని వేసిన కంచె అది. మాకు మాత్రం దారికి అడ్డంగా కనిపించింది. "అన్న సర్టిఫికెట్ ఉంది గదా, గది పెడదాం" అన్నాడు ఏజెంటు. నేను నసిగాను.

"వాని చేతుల మీదనే గదా నువ్వు సదివింది. గా కాగితమన్న వానికియ్యి" అంది అమ్మ.

ఇచ్చాను. పాస్‌పోర్టు మీద ఫొటో వాడిది, పేరు నాది. బస్సెక్కేటప్పుడు "ఇగ నుంచి నేనే నువ్వు. నువ్వెవ్వరో చూస్కో" అని వాడు నవ్వాడు. నేనూ నవ్వాను. మహా తెలివైనవాళ్లం గదా ఇద్దరం.

రెండేళ్లు ఫోన్లు వచ్చాయి. తర్వాత ఆగిపోయాయి. అక్కడ వాడి గదిలోనే ఉండే కోడేరు మనిషి చివరికి కబురు చెప్పాడు. పాస్‌పోర్టు పనిలో పెట్టుకున్న సేటు దగ్గరే ఉందట, తమ్ముడు పని కాడ కొట్లాడి బయటికి పోయాడట, మళ్లీ రాలేదట.

గద్వాల కలెక్టరాఫీసులో సోమవారం అర్జీలు తీసుకుంటారు. అమ్మ వేలిముద్ర వేసిన అర్జీ నేనే రాశాను. తప్పిపోయినవాడి పేరు దగ్గర నా పేరు పెట్టాను. అక్కడి రికార్డులో ఉన్నది అదే, వేరేది రాస్తే వెతకరు. అసలు సంగతి రాస్తే కేసవుతుంది. దొంగకు తేలు కుట్టినట్టయింది మా పని.

అర్జీ ఢిల్లీకి, అక్కడి నుంచి ఆ దేశానికి పోయింది. మనిషి చడీచప్పుడు లేకుండా ఊరు చేరాడేమో చూడండని వాళ్లు తిరిగి అడిగారట. ఒక మధ్యాహ్నం కానిస్టేబుల్ మా వాకిట్లో బండి ఆపి, కాగితం చూసి నా పేరు చదివాడు. "ఎవరు?"

"నేనే సార్."

నోరు జారలేదు. ఆలోచించే అన్నాను. ఆ క్షణంలో నాకు కనిపించింది తమ్ముడు కాదు, జైలు. అతను నా ఆధార్ కార్డు చూసి, ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

గడపలో కూర్చున్న అమ్మ అంతా వింది. "నువ్వున్నవ్ సరే కొడుకా. వాడేడి?"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ తర్వాతి సోమవారమే కలెక్టరాఫీసుకు వెళ్లి ఉన్నదంతా చెప్పాను. "ఆ పేరుగలాయన ఇంటికాడ్నే ఉన్నడని రాసి పంపినం. వాళ్లు ఎతుకుడు బంద్ జేసిన్రు" అన్నాడు గుమాస్తా. తమ్ముడి పేరు కంప్యూటర్లో కొట్టి చూశాడు. ఆ పేరుతో దేశం దాటినవాడే లేడు. రెండు సర్కార్లూ కలిసి నమ్మింది నా ఒక్క మాటనే. నా మీద కేసు పెట్టుకోండని రాసి, ఈసారి వాడి పేరుతో అర్జీ ఇచ్చి వచ్చాను. జవాబు ఇంకా రాలేదు.

ఇప్పుడు అమ్మ నన్ను పేరు పెట్టి పిలిస్తే వెంటనే పలకలేను. ఒక్క క్షణం ఆగుతాను, వాడు పలుకుతాడేమోనని.